సామాను దగ్గర నేను

9, సోమవారం

చేరాం. దారి పొడుగునా మలుపులే. కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చి కూర్చుంది. డ్రైవరు మాత్రం ఈల వేసుకుంటూ నడిపాడు.

లాడ్జిలో పై అంతస్తు గది ఇస్తామంటే ఈయన ముఖం వెలిగిపోయింది. నేను కింద గదికి మార్పించాను. పైన గాలి బాగుండేది కదా అని గొణిగారు. గాలి కిందా ఉంటుంది.

కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండ, కొండ మీద కోట. దాని వెనక ఇంకో కొండ, దాని మీద ఒంటి బురుజు. ఈ చుట్టుపక్కల కొండకొకటి ఉందట. ఆ రోజుల్లో రాజులకి వేరే పనేమీ ఉండేది కాదు కాబోలు. రేపటి నుంచి ఈయన ఒక్కొక్కటే ఎక్కాలి, నేను కింద సామాను దగ్గర కూర్చోవాలి.

మందుల డబ్బా మంచం పక్కన పెట్టాను. ఒళ్ళు హూనమైంది. ఇక పడుకుంటాను.

10, మంగళవారం

ఈ డైరీ ఎవరూ చూడరు కాబట్టి రాసుకుంటున్నాను. నాకీ ప్రయాణం ఇష్టం లేదు. అమ్మాయితో అంటే నువ్వే కదమ్మా ఒప్పుకున్నావు అంటుంది. ఒప్పుకున్నాను, కాదనను. ఒప్పుకోకపోతే ఇంట్లో రోజూ ఆ గొడవే.

ఈయన గుండెలో వాల్వు సరిగా మూసుకోవడం లేదు, ఆపరేషన్ చెయ్యాల్సిందే అని పెద్ద డాక్టరు చెప్పాడు. ఇరవై అయిదో తేదీకి ఆస్పత్రిలో మంచం కూడా రాసిపెట్టాడు. ఈయన ఊరుకుంటారా? ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మెట్లెక్కితే ఆయాసం రాకపోతే ఇంకో ఏడాది ఆగి చూడొచ్చు అన్నాడు ఆ మహానుభావుడు. ఇక పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇంటి మెట్లు ఏం లెక్క, ఆ కొండల్లో కోటలూ బురుజులూ అన్నీ ఎక్కి చూపిస్తాను, ఆయాసం వస్తే నా అంతట నేనే వెళ్ళి బల్ల మీద పడుకుంటాను, రాకపోతే నా జోలికి రాకండి అని అమ్మాయితో పందెం వేశారు. అదీ ఈయన కూతురే కదా, సరే అంది. సాక్షిని నేను. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎక్కారో లేదో, ఆయాసం వచ్చిందో లేదో చెప్పాలి.

కోటల పిచ్చి ఈనాటిది కాదు. ఈయన రేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. ఆ క్రేను గదిలో ఒక క్యాలెండర్ ఉండేది, ఈ కోటల మీద నుంచి తీసిన ఫొటోలతో. ఏడాదులు మారినా క్యాలెండర్ మారలేదు. పెళ్ళయిన కొత్తలో ఈయన పని నుంచి రాగానే నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ముందు ఏం చూశారో చెప్పండి, తర్వాతే నీళ్ళు" అనేదాన్ని. సరదాకి మొదలెట్టింది ఇంట్లో చట్టమైపోయింది. ఏ ఓడ వచ్చింది, ఎవరి డాబా మీద ఏం ఆరేశారు, వాన ఎటు నుంచి వస్తోంది, అన్నీ చెప్పాకే గ్లాసు చేతికి వచ్చేది. నాకు స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి. నేను చూశాననుకునే లోకంలో సగం ఈయన చెప్పిందే.

ఇవాళ మొదటి కోట ఎక్కారు. గోడ పట్టుకుని దిగి వచ్చారు. పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. మాట రాలేదు. చట్టం పక్కన పెట్టి ముందు నీళ్ళు తాగించాను.

అమ్మాయితో కొంచెం ఆయాసం వచ్చిందని చెప్పాను. కొంచెమే అన్నాను. ఈయన విన్నారు. అన్నం సగంలో వదిలేసి లేచారు.

12, గురువారం

నిన్న విశ్రాంతి. ఇవాళ చెరువు పక్క బురుజు.

ఏం ఆశ్చర్యమో! చాలాసేపటికి వచ్చారు గానీ ఊపిరి ఎక్కడిదక్కడే ఉంది. ముఖంలో చెమట చుక్క లేదు. గ్లాసు వంక చూసి నవ్వి, చెప్పడం మొదలుపెట్టారు. అవతల లోయలో నది మెలిక తిరిగిందట. మెలికలో ఊరు, అన్నీ ఎర్ర పెంకుల కప్పులు. ఒక కప్పు మీద ఒకామె దుప్పటి పరిచి నిలబడి దూరంగా ఎవర్నో పిలుస్తోందట. ఎంత బాగా చెప్పారో! ఆమె గొంతు నాకూ వినపడినట్టే అయింది.

మంగళవారం నుంచి వేస్తున్న కొత్త బిళ్ళ బాగా పట్టినట్టుంది. అమ్మాయికి అదే చెప్పాను.

ప్యాంటు వెనక దుమ్ము. గోడకి ఆనుకున్నారా అంటే, ఆఁ ఆనుకున్నా అన్నారు. దులిపాను.

13, శుక్రవారం

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రెండూ ఎక్కారు. ఆయాసం లేదు. గోడకి ఆనుకోవద్దంటే వినరు. దులిపాను.

14, శనివారం

వాన. బయటికి కదలలేదు.

గదిలో పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నట్టుండి తన జోడీ క్రేను నడిపిన అతని గురించి మాట్లాడారు. అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు ఈయనే తోడు వెళ్ళారు. నవ్వుతూ ఆపరేషన్ గదిలోకి వెళ్ళినవాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు. "పైకెక్కినవాడు తన కాళ్ళ మీద దిగాలి. ఎవరో దించకూడదు" అన్నారు. అందరికీ అలాగే అవుతుందా అన్నాను. గోడ వైపు తిరిగారు. కాసేపటికి నిద్రపోయారు, లేదా నిద్రపోయినట్టు పడుకున్నారు.

భయం అని ఒక్కసారైనా నోటితో అనొచ్చు కదా. అనరు.

15, ఆదివారం

రెండు బురుజుల కోట. ఇవాళా ఆయాసం లేదు. అవతల లోయ, నది మెలిక, ఎర్ర కప్పులు. ఈ నది ఎన్ని కొండల వెనక మెలికలు తిరుగుతుందో.

గదికి వచ్చాక ప్యాంటు ఉతకబోతూ చూశాను. వెనక గుడ్డ మెరుస్తోంది. నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పని చేసినదాన్ని. కూర్చుంటే వచ్చే మెరుపు ఏదో, గోడకి రాసుకుంటే వచ్చే గరుకు ఏదో నాకు చెప్పనక్కర్లేదు. కానీ ఇది పాత ప్యాంటు. క్రేను సీటులో కూర్చుని కూర్చుని అప్పుడే మెరిసి ఉంటుంది. అప్పటిదే అయ్యుంటుంది.

అమ్మాయి ఫోన్‌లో తెగ సంబరపడింది. ఇన్ని ఎక్కినా నాన్నకి ఏమీ కాలేదంటే ఇంకేం కావాలమ్మా అంది. ఆస్పత్రివాళ్ళు శుక్రవారం లోగా చెప్పమన్నారట, మంచం కోసం వేరే మనిషి ఎదురుచూస్తున్నాడట. గురువారం చివరి బురుజు కూడా అయ్యాక తారీకు వదిలేసుకుందామంది. సరే అన్నాను. ఈయన పక్క నుంచి వేళ్ళతో టకటకా బల్ల వాయించారు.

నేనూ సంతోషపడాలి కదా. నీరసంగా ఉంది. కొండగాలి పడటం లేదేమో.

16, సోమవారం

అడవి అంచున ఉన్న బురుజుకి వెళ్ళాం. అక్కడ టిక్కెట్టు ఇచ్చేది ఒకావిడ. నా ఈడే ఉంటుంది. మేము తప్ప ఇంకెవరూ లేరు. ఈయన లోపలికి వెళ్ళారు. ఆవిడ గదికి తాళం వేసి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుని, కమలాపండు ఒలిచి నాకు సగం పెట్టింది. మోకాళ్ళ గురించి కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత ఆవిడ తలుపు వంక చూసి అడిగింది.

"మీవారు ఇంతసేపు లోపల ఏం చేస్తున్నారమ్మా?"

ఎక్కుతున్నారన్నాను. ఆవిడ నవ్వింది. ఎక్కడానికి ఏముంది అంది. పై అంతస్తులు తన చిన్నప్పుడే కూలిపోయాయట. లోపల ఒక చీకటి గది, పైకి ఒక్క మలుపు మెట్లు, ఆ పైన తాళం వేసిన ఇనుప తలుపు. టిక్కెట్టు తీసుకున్నవాళ్ళు వెళ్ళినంత వేగంగా తిరిగి వచ్చి డబ్బులు దండగ అని తనని తిడతారట.

కమలా తొన నోట్లోనే ఉండిపోయింది.

ఈయన వచ్చారు. ఎండకి కళ్ళు చికిలించుకుని, బెంచీ దగ్గర నిలబడి, మామూలుగానే చెప్పారు. లోయ, నది మెలిక, ఎర్ర కప్పులు. ఇవాళ నది ఒడ్డున గొర్రెల మంద కూడా ఉందట. కాపరి టోపీ గాలికి ఎగిరిపోతే కుక్క పరుగెత్తి తెచ్చిందట. టిక్కెట్టావిడ నోరు తెరిచింది. నేను ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కాను. ఆవిడ నన్ను చూసి, లేచి వెళ్ళిపోయింది.

నీళ్ళిచ్చాను. దుమ్ము దులిపాను. గోడకి ఆనుకున్నారా అని అడగలేదు. అడగకపోయినా, ఆనుకున్నా అని తనే అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

అమ్మాయికి ఎక్కారని చెప్పాను. ఎందుకలా చెప్పానో తెలియదు.

17, మంగళవారం

ఏమీ రాయాలని లేదు.

18, బుధవారం

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడు నయం, ఎక్కడమైనా ఎక్కాడు.

కోపంగా ఉంది. ఒళ్ళంతా కోపంగా ఉంది. ఎవరి మీదో మాత్రం తేలడం లేదు. గురువారం చెమట లేకపోవడం చూశాను. శుక్రవారం మళ్ళీ దుమ్ము చూశాను. ఆదివారం మెరుపు చూశాను. గుడ్డని తడిమి చూస్తే అది కూర్చున్న మెరుపని నా వేళ్ళు చెప్పాయి. వేళ్ళు చెప్పినదాన్ని పట్టుకుని క్రేను సీటు అని రాశాను ఇక్కడ. ఎవరూ చూడని డైరీలో ఎవరికోసం రాశానో ఆ ముక్క.

పొద్దున ఈయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మీ నాన్న ఒక్కటి కూడా ఎక్కలేదే, మొదటి రోజు తప్ప అంతా నాటకమే, తారీకు వదులుకోవద్దు అని చెప్పేస్తే అయిపోతుంది. ఈయన ప్రాణం దక్కుతుంది. కానీ కూతురి ముందు ఈయన తలెత్తుకోగలరా? చిన్నప్పుడు మా నాన్న ఆకాశంలో పని చేస్తాడు అని బడిలో అందరికీ చెప్పుకు తిరిగిన పిల్ల అది. చెప్పకపోతే రేపు సాయంత్రం తారీకు పోతుంది. తర్వాత ఏ మెట్టు మీద కూలబడతారో, ఎవరు చూసుకోవాలో. మింగలేను, కక్కలేను. నీళ్ళ శబ్దం ఆగిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టేశాను.

రేపు చివరిది. అన్నిటికంటే ఎత్తైనది అదేనట. ఉత్సాహంగా ఉన్నట్టు కనిపించాలని తెగ అవస్థ పడుతున్నారు పాపం. బూట్లు తుడుచుకున్నారు. మంచం దిగితేనే ఎగశ్వాస. అది నేను చూడటం లేదనుకుంటున్నారు.

19, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి. అలిసిపోయాను గానీ రాస్తాను.

కారు ఆగిన చోటు నుంచి బురుజు దాకా గడ్డి మీద నడక. ఆ కాస్త నడకకే రెండుసార్లు నిలబడి ప్రకృతిని చూశారు. ప్రకృతి ఏమీ లేదక్కడ, గడ్డి తప్ప. బురుజు తలుపు దగ్గర రాతి అరుగు ఉంది. ఈయన బూటు తాడు బిగించుకుని లేవబోతుంటే, సంచీ, నీళ్ళ ఫ్లాస్కూ తీసి ఈయన ఒళ్ళో పెట్టాను.

"ఇవాళ మీరు కూర్చోండి. నేనెక్కుతాను."

"నువ్వా? నీకు కళ్ళు తిరుగుతాయి."

తిరిగితే గోడ పట్టుకుంటానన్నాను. ఈయన ముఖం పాలిపోయింది. ఇంకేమైనా అంటారేమోనని చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను.

పై దాకా ఎక్కాలనే వెళ్ళాను. ఆ పైన నిజంగా ఏముందో చూసి, కిందికి వచ్చి, నది లేదు, ఎర్ర కప్పులు లేవు, అవి మీ క్యాలెండర్‌లోవి అని ముఖాన కొడదామనుకున్నాను. అంత కోపంగా ఉన్నాను.

లోపల చీకటి. గోడకి తాడు కట్టి ఉంది, పట్టుకోవడానికి. మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతున్నాయి. మొదటి మలుపు తిరిగేసరికే నాకు కళ్ళు తిరిగాయి. అక్కడ గోడలో చిన్న గూడు, అందులో రాతి బల్ల. పాతకాలంలో కాపలావాడు కూర్చునేవాడేమో. రాయి నున్నగా ఉంది, మన ఇంట్లో గడప అరిగినట్టు. దాన్ని చూడగానే తెలిసింది, అన్ని బురుజుల్లోనూ ఇలాంటిదొకటి ఉంటుందని.

కూర్చున్నాను.

గోడ సందులోంచి చేతి వెడల్పు వెలుగు వస్తోంది. దాంట్లోంచి చూస్తే ఎదుటి గోడ, దాని కింద కాస్త గడ్డి. అంతే. చల్లగా ఉంది. ఎవరో ఇద్దరు పైకి వెళ్తూ, ఒంట్లో బాగా లేదా అండీ అని అడిగారు. బాగానే ఉంది, మీరు వెళ్ళండి అన్నాను. ఈ మాట ఈయన ఎంతమందికి చెప్పి ఉంటారో. పై నుంచి ఆ ఇద్దరి నవ్వులు వినపడ్డాయి. ఓడలకి ఓడలు దించిన మనిషి, ఇలా గూట్లో కుక్కిన పేనులా కూర్చుని, పైకి పోయేవాళ్ళ అడుగులు వింటూ, నాకు ఏం చెప్పాలో కూర్చుకున్నారన్నమాట. పందెం కోసమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పందానికైతే ఎక్కాను అంటే సరిపోయేది. దుప్పటి పరిచే ఆమె ఎందుకు? టోపీ తెచ్చిన కుక్క ఎందుకు? కింద సామాను దగ్గర ఒకతి వినడానికి కూర్చుందని కదా అదంతా.

అక్కడే ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని, చాలినంతసేపు కూర్చుని, దిగి వచ్చాను.

ఈయన అరుగు మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. సంచీ మోకాళ్ళ మీద, రెండు చేతులూ సంచీ మీద. నేను కూర్చునేది అలాగేనేమో. నన్ను చూడగానే ఫ్లాస్కు మూత తీసి నీళ్ళు పోశారు. చేయి చాపితే ఇవ్వలేదు.

"ముందు చెప్పు" అన్నారు.

చెప్పాను. అవతల లోయలో నది మెలిక తిరిగిందని, మెలికలో ఊరు, అన్నీ ఎర్ర పెంకుల కప్పులని, ఒకామె దుప్పటి పరిచి ఎవర్నో పిలుస్తోందని. ఒక్క ముక్క పోకుండా ఈయన చెప్పినట్టే చెప్పాను. వింటూ వింటూ తల వంచేసుకున్నారు. నీళ్ళు నా చేతికిచ్చారు. నేను తాగాక, "ఇటు తిరుగు" అన్నారు. తిరిగాను. నా కోటు వెనక అరచేత్తో దులిపారు. మెల్లిగా, చాలాసేపు దులిపారు.

"గోడకి ఆనుకున్నావా?"

"లేదు. కూర్చున్నాను."

చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి అడిగారు, మొదటి మలుపులోనేనా అని. అవునన్నాను. అక్కడ కాస్త చలి ఎక్కువ, రేపటికి జలుబు చేస్తుంది నీకు అన్నారు. తర్వాత ఫోన్ ఇమ్మన్నారు. నేనే అమ్మాయికి కలిపి చేతికిచ్చాను. అది ఏదో సంతోషంగా మొదలుపెట్టింది, నాకూ వినపడుతోంది. ఈయన దాని మాటకి అడ్డొచ్చారు.

"ఆ మంచం ఎవరికీ ఇవ్వొద్దని చెప్పమ్మా. నాకు ఆయాసం వస్తోంది."

అది అవతల ఎందుకు, ఏమైంది, అమ్మ చెప్పలేదేం అని అడుగుతూనే ఉంది. వచ్చాక చెబుతానని పెట్టేశారు.

కారు దాకా నడిచేటప్పుడు నా భుజం పట్టుకున్నారు. ఎక్కడ ఆగాలంటే అక్కడ ఆగాం. ప్రకృతిని చూస్తున్నట్టు నటించలేదు. సంచీ నేనే మోశాను, ఇస్తానన్నా ఇవ్వలేదు. వెనక్కి వస్తుంటే డ్రైవరు, పై నుంచి ఎలా ఉందండీ అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి బాగుంది అన్నాం.

25, బుధవారం

చేర్చుకున్నారు. రేపు పొద్దున్నే చేస్తారట. అమ్మాయి వచ్చింది. చెబుతానన్నది ఈయనే చెప్పారు, మొదటి మలుపు సంగతితో సహా. అది నవ్వలేదు, కోప్పడలేదు. నాన్న పాదాలు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు కత్తిరించింది.

26, గురువారం

లోపలికి తీసుకెళ్ళారు. చక్రాల మంచం మీద. తలుపు దాకా నా చెయ్యి వదల్లేదు. భయంగా ఉందే అన్నారు. ముప్ఫై ఏళ్ళ పైన కాపురం, ఆ మాట వినడం ఇదే మొదలు. నాక్కూడా అన్నాను.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఈయన కళ్ళజోడు, బూట్లు, చొక్కా, ఆ మెరిసే ప్యాంటు, అన్నీ సంచీలో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మాయి కాఫీ తాగి రమ్మంటే వెళ్ళలేదు. సామాను ఎవరు చూస్తారు?

ఇంకా రాలేదు.

27, శుక్రవారం

నిన్న సాయంత్రం అయిపోయిందని చెప్పారు గానీ, నన్ను ఇవాళ మధ్యాహ్నం లోపలికి వెళ్ళనిచ్చారు. ఒంటి నిండా గొట్టాలు. కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూశారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రంగు మాత్రం మనిషి రంగే. నీళ్ళు అని సైగ చేశారు. నర్సు అప్పుడే ఇవ్వకూడదంది.

నేను వంగి, చెవి దగ్గర, ముందు ఏం చూశారో చెప్పండి అన్నాను. నర్సు నన్ను వింతగా చూసింది.

ఆలోచించారు. నది ఉందంటారేమో, ఎర్ర కప్పులు ఉన్నాయంటారేమో అని గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను.

"ఏమీ లేదే. చీకటి" అన్నారు.

నర్సుని అడిగి, దూది తడిపి పెదాల మీద అద్దాను.